చెరుకు తోటలో పురుగు ముట్టితే - ఎండకు చెడని మందు ఎట్లా?

మా బోధన్ వైపు పాము కరిస్తే ఆ పేరు ఎత్తరు. "పురుగు ముట్టింది" అంటారు. శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015లో మూతపడి, చెరుకు తగ్గి వరి పెరిగినా, ఎలుక ఉన్నచోట పురుగు ఉండనే ఉంటుంది. 2000 నుండి 2019 వరకు దేశంలో సుమారు 12 లక్షల మంది పాముకాటుతో పోయారని ఒక అంచనా.

దీనికి మందు ఒక్కటే. గుర్రానికి కొద్దికొద్దిగా విషం ఎక్కించి, దాని రక్తంలో పుట్టిన ప్రతిరక్షకాలను, అనగా యాంటీబాడీలను, తీస్తారు. హైదరాబాదు సంస్థ విన్స్ బయోప్రొడక్ట్స్ చేసేది ఇదే. ద్రవరూపంలో ఉంటే 2 నుండి 8 డిగ్రీల చలిలో ఉంచాలి. మే నెల నిజామాబాదు ఎండలో, కరెంటు పోయిన ఊరి దవాఖానాలో ఇదెట్లా సాధ్యం?

చలి ఎందుకంటే, యాంటీబాడీ మాంసకృత్తు. అది పద్ధతిగా మడతపడి ఉంటేనే విషాన్ని పట్టుకుంటుంది. వేడికి మడత విప్పుకుంటే లోపలి జిడ్డు భాగాలు బయటపడి ఒకదానికొకటి అంటుకుపోతాయి. ఉడికిన గుడ్డు తెల్లసొన మళ్ళీ నీరవుతుందా? ఇదీ అంతే.

మనవాళ్ళు మొదట పట్టుకున్న ఉపాయం ఎండబెట్టడం. మందును గడ్డకట్టించి, గాలి తీసేసి, తేమను లాగి పొడి చేస్తారు. మన దేశంలో పాము మందు ఎక్కువగా ఈ పొడిగానే వస్తుంది. 10 మిల్లీలీటర్ల నీటిలో కలిపి ఎక్కిస్తారు. ఇట్లా ఎండబెట్టే యాంటీబాడీ మందులు చాలావాటిలో మడతను కాపాడేది ఏమిటో తెలుసా? చక్కెర! నీరు పోయిన చోట చక్కెర అణువులు చేరి మడతను పట్టి నిలుపుతాయి. కీళ్ళవాతానికి వాడే ఇన్‌ఫ్లిక్సిమాబ్ సీసాలో మందు 100 మిల్లీగ్రాములైతే చక్కెర 500. చక్కెర ఊరివాణ్ణి గనుక ఈ లెక్క నాకు మహా ఇష్టం.

రెండో ఉపాయం యాంటీబాడీని ముక్క చేయడం. పాము మందులో ఇప్పటికే పెప్సిన్‌తో తోక కోసి రెండు చేతులు ఉంచుతారు. అది రియాక్షన్లు తగ్గించడానికి. వేడికి నిలిచే ముక్క మాత్రం ఒంటె ఇచ్చింది. 1993లో బ్రస్సెల్స్‌లో హామర్స్ బృందం ఒంటె రక్తంలో తేలిక గొలుసు లేని యాంటీబాడీలను ప్రకటించింది. వాటి కొన భాగమే నానోబాడీ. మామూలు యాంటీబాడీలో పదోవంతు. మామూలుగా జిడ్డుగా ఉండే ముఖం దీనిలో నీటికి ఒదిగేదిగా ఉంటుంది. అందుచేత వేడికి విప్పుకున్నా అంటుకోకుండా, చల్లారాక చాలావరకు మళ్ళీ మడతపడుతుంది. పైగా ఇంజనీర్లు లోపల మరో గంధకపు బంధం వేసి, కుట్టు మీద కుట్టులాగా బిగిస్తారు. అట్లా బిగించినవి కొన్ని పెప్సిన్‌కూ లొంగలేదు.

2025లో డెన్మార్క్ శాస్త్రజ్ఞులు ఎనిమిది నానోబాడీల మిశ్రమంతో ఆఫ్రికా నాగుల విషం నుండి ప్రయోగశాల ఎలుకలను కాపాడారు. మన రక్తపింజర అందులో లేదు. మరో చిక్కు: ఇంత చిన్న ముక్క కొద్ది గంటల్లోనే మూత్రపిండాల గుండా వెళ్ళిపోతుంది. పింజర విషమో, కాటు చోటునుండి తర్వాత కూడా ఊరుతూనే ఉంటుంది. నిలబెట్టడానికి రెండు మూడు ముక్కలను జతచేస్తున్నారు. జతచేసినది ఎండకు ఆగుతుందా అన్నది మళ్ళీ మొదటినుండి పరీక్షించి చూడవలసిందే.