వార్తల్లో పదం: వెక్టర్ ట్రేసింగ్

ఆకివీడులో రొయ్యల మేత దుకాణానికి ఫ్లెక్సీ వేయించాలంటే చాలాసార్లు చేతికొచ్చేది వాట్సాప్‌లో పంపిన చిన్న జేపెగ్ లోగో. దాన్ని పది అడుగులకు సాగదీస్తే అంచులు మెట్లుమెట్లుగా విరుగుతాయి. జేపెగ్ అంటే రంగు చుక్కల వరుసలు. పెంచితే చుక్కే పెద్దదవుతుంది. వెక్టర్ ఫైలులో ఉండేవి బిందువులు, వాటిని కలిపే వంపుల లెక్కలు. ఎంత పెంచినా అంచు నునుపే. ఈ వంపులకు 1960లలో ప్రాచుర్యం తెచ్చింది రెనో కార్ల కంపెనీ ఇంజినీరు పియెర్ బెజియె.

చుక్కల బొమ్మను వంపులుగా మార్చడమే ట్రేసింగ్. కోరల్‌డ్రాలో పవర్‌ట్రేస్, ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్‌లో పోట్రేస్ ఆ పని చేస్తాయి. స్టిక్కర్ కటింగ్ మిషన్ బ్లేడు నడవాలన్నా ఈ గీతే కావాలి. పెళ్లి ఫొటోలకు మాత్రం ఇది నప్పదు.

అసలు జాగ్రత్త తెలుగు అక్షరాల దగ్గర. మసక బొమ్మలో ‘థ’ నడుమ చుక్కను సాఫ్ట్‌వేర్ మరక అనుకుని తీసేస్తే ‘ధ’ మిగులుతుంది. ‘ఠ’ కాస్తా ‘ర’ అవుతుంది. బోర్డు మీద పేరే మారిపోతుంది! అందుకే బొమ్మను ట్రేస్ చేసినా, అక్షరాలను మళ్లీ టైపు చేయడమే మేలు. సిలికానాంధ్ర సంస్థ ఉచితంగా అందించిన మండలి, రామభద్ర వంటి ఫాంట్లు పుట్టుకతోనే వెక్టర్లు. టైపు చేశాక ‘కన్వర్ట్ టు కర్వ్స్’ కొట్టి పంపితే, ప్రెస్సులో ఆ ఫాంటు లేకపోయినా ఒత్తులు చెదరవు.