ఆరేండ్ల ఆట, అరవైయేండ్ల కీర్తి

క్రీడారంగంలో కీర్తి రెండు విధాలు. కొందరికది చిరకాలం ఆడినందువలన చేకూరుతుంది. మరికొందరికి, ఆడినది కొద్దికాలమే అయినా, ఆ ఆటలోని నాణ్యం వలన దక్కుతుంది. తులసీదాస్ బలరాం ఈ రెండవ కోవకు చెందినవాడు. సికిందరాబాదు చెంత అమ్ముగూడ గ్రామంలో, 1936లో, ఒక పేద తమిళ కుటుంబంలో జన్మించిన ఈ ఫార్వర్డు కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో ఉన్నది సుమారు ఆరేండ్లు మాత్రమే. అయినను ఆ క్లబ్బు అభిమానులు అతనిని తమ ఇంటి బిడ్డగానే చెప్పుకొంటారు.

బలరాం ఎదిగిన కాలంలో హైదరాబాదు భారత ఫుట్‌బాలుకు పట్టుగొమ్మ. నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదు మార్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలుచుకొన్నది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులుగా పనిచేసినవాడు కావడం మన ఉపాధ్యాయులు గర్వించదగిన విషయం. పిల్లవానికి అక్షరం దిద్దబెట్టినంత ఓర్పుతో ఆయన ఆట నేర్పేవాడు. బలహీనమైన కాలితోనే బంతిని తన్నాలనీ, బంతిని అట్టిపెట్టుకొనక వెంటనే తోటివానికి అందించాలనీ నియమాలు పెట్టి పోటీలు నడిపేవాడు. బలరాంలోని ప్రతిభను గుర్తించినది ఆ గురువే. 1956లో బలరాం హైదరాబాదు పక్షాన సంతోష్ ట్రోఫీ గెలిచిన జట్టులో ఆడాడు. ఆ యేడే మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానం పొందిన భారత జట్టులోనూ ఒకడైనాడు.

1957లో అతడు కలకత్తా చేరాడు. ఈస్ట్ బెంగాల్ 1920లో వెలసిన క్లబ్బు. దేశవిభజనతో ఇల్లూవాకిలీ వదలి తరలివచ్చిన లక్షలాది తూర్పు బెంగాలీయులకు ఆ క్లబ్బు విజయం ఒక ఆటలో గెలుపు మాత్రమే కాదు. పోగొట్టుకొన్న ఊరికి మిగిలిన గుర్తు. అట్టివారి ఆశలను భాషయే తెలియని ఒక దక్షిణాది యువకుడు భుజాన వేసుకోవడం సామాన్యమైన సంగతి కాదు. 1952 తరువాత ఆ క్లబ్బుకు కలకత్తా లీగు దక్కలేదు. 1961లో బలరాం నాయకుడై, తాను 23 గోల్స్ సాధించి, తొమ్మిదేండ్ల ఆ వెలితిని తీర్చాడు. ఆ యేడే ఐ.ఎఫ్.ఏ. షీల్డును మోహన్ బగాన్‌తో కలిసి పంచుకొన్నాడు.

దేశం పక్షాన అతని ఆట ఇంతకు తీసిపోదు. 1960 రోము ఒలింపిక్సులో భారతదేశం మొత్తం మూడు గోల్స్ చేయగా, అందులో రెండు బలరానివే. ఒకటి హంగెరీపైన, మరొకటి పెరూపైన. ఆ పోటీలలో హంగెరీ కాంస్య పతకం అందుకొన్నది; అట్టి జట్టుతో మనవారు 2-1 తేడాతో మాత్రమే ఓడారు. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనలులో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి భారత్ స్వర్ణం గెలిచింది. చునీ గోస్వామి, పి.కె. బెనర్జీ, బలరాం అనే త్రయం ఆ జట్టుకు ప్రాణం. గోల్స్ చేయడంలో ఎవరికీ తీసిపోని బలరాం, జట్టు అవసరాన్నిబట్టి ఎడమ అంచున ఆడి ఇతరులకు బంతినందించే పనికి కూడా వెనుదీయలేదు. గురువు నేర్పిన పాఠం అక్కడ ఫలించింది.

కాని కాలం అనుకూలించలేదు. 1963లో రహీం క్యాన్సరుతో కన్నుమూశాడు. ఆ యేడే బలరాం బి.ఎన్.ఆర్. జట్టుకు మారాడు. అంతలో ఊపిరితిత్తుల వ్యాధి అతనిని పట్టి, ఇరువదియేడేండ్ల ప్రాయంలో ఆటకు దూరం చేసింది. ఆటగానికి నిండు బలం వచ్చే వయస్సది.

1962లో అర్జున పురస్కారం లభించినా, తోటివారిలో గోస్వామికి 1983లోను, బెనర్జీకి 1990లోను వచ్చిన పద్మశ్రీ బలరానికి రాలేదు. ఆ బాధను అతడు దాచుకొనలేదు. తుదివరకు బెంగాలులోని ఉత్తరపారాలోనే నివసించి, 2023 ఫిబ్రవరి 16న మరణించాడు.

పరాయి నగరం నెత్తిన పెట్టుకొన్న ఈ ఆటగానిని పుట్టిన గడ్డ ఎంతగా గుర్తుంచుకొన్నది? హైదరాబాదుకు ఉత్తరపు కొసన అమ్ముగూడ, దక్షిణపు దిక్కున రావిర్యాల. ఆ దిక్కునా ఈ దిక్కునా బడి మైదానాలలో పిల్లలు నేటికీ బంతి వెంట పరుగెత్తుతున్నారు. వారిలో ఒక బలరాం ఉండవచ్చు. అతనిని గుర్తించడానికి కావలసినది రహీం వంటి ఒక ఉపాధ్యాయుడు. బలరాం కథను ఆ పిల్లలకు చెప్పడం అందుకు తొలి మెట్టు.