డాక్టరు దగ్గర దాపరికమా?

"మీకేమైనా అలవాట్లున్నాయా?"

మగవాళ్ల వార్డులో డాక్టరు ఈ ప్రశ్న వేయగానే రోగి ముందు భార్య వంక చూస్తాడు. తరువాత మామగారి వంక చూస్తాడు. ఆపైన కప్పువంక చూసి, "అబ్బే, ఎప్పుడైనా ఒకటీ అరా" అంటాడు. ఆ 'ఒకటీ అరా' రోజుకు రెండు కట్టల బీడీలు కావచ్చు. రాత్రికి సగం సీసా కావచ్చు. డాక్టరు మాత్రం చెప్పింది చెప్పినట్లు కాగితం మీద రాసుకుని పక్క మంచం దగ్గరకు వెళతాడు.

రెండేళ్ల క్రిందట మా బావగారు స్కూటరు మీదనుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నారు. ఆస్పత్రిలో ఈ ప్రశ్నే అడిగారు. మా అక్కయ్య పక్కనే ఉన్నది. "అటువంటివేమీ లేవండీ" అన్నారు బావగారు. మూడోనాటి రాత్రి ఆయన చేతులు వణకసాగాయి. ఒళ్లంతా చెమట. గోడమీద ఎవరో ప్రాకుతున్నారని కేకలు. గాలి సోకిందేమోనని ఒకరు, తలకు దెబ్బ తగిలిందేమోనని ఒకరు. చివరకు అక్కయ్యే రాత్రి డ్యూటీ డాక్టరు దగ్గరకు వెళ్లి, ఇరవై ఏళ్లుగా ఆయన తాగని రోజు లేదని ఏడుస్తూ చెప్పింది. అప్పుడు జరిగింది అసలు వైద్యం.

ఏళ్ల తరబడి విపరీతంగా తాగినవాడికి హఠాత్తుగా మద్యం అందకపోతే మొదట వణుకు వస్తుంది. ఒక్కొక్కరికి మూర్ఛలు, రెండు మూడు రోజుల్లో మతిభ్రమ కూడా రావచ్చు. సకాలంలో వైద్యం అందకపోతే ప్రాణమే పోవచ్చు. ముందుగా తెలిస్తే దీన్ని నివారించే మందులున్నాయి. పొగ సంగతీ అంతే. పొగతాగేవాడికి ఆపరేషను చేస్తే ఊపిరితిత్తుల చిక్కులు ఎక్కువ. గాయం త్వరగా మానదు. కనీసం నాలుగు వారాల ముందు మానితే ఆ ముప్పు తగ్గుతుంది.

ఇది పదిమందిలో ఒకరి సంగతి కాదు. 2016–17 సర్వే ప్రకారం మన దేశంలో మగవాళ్లలో నూటికి 42 మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మద్యం తాగే మగవాళ్లు తెలంగాణలో నూటికి 43 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 23 మంది అని తేలింది. అడిగితే ఒప్పుకున్నవారి లెక్క ఇది!

రోగి చెప్పే నిజానికి ఎంత విలువో లండను ఆస్పత్రులలో ఒకసారి రుజువయింది. అక్కడ ఊపిరితిత్తుల క్యాన్సరు విపరీతంగా పెరిగితే, మోటారు పొగో, రోడ్ల తారో కారణమని రిచర్డ్ డాల్ మొదట అనుమానించాడు. బ్రాడ్‌ఫర్డ్ హిల్‌తో కలిసి రోగుల అలవాట్లను అడిగించాడు. 1950లో ఫలితాలు వెలువడ్డాయి. ఆ క్యాన్సరు వచ్చిన 649 మంది మగవాళ్లలో పొగతాగని వారు ఇద్దరే. ఇతర జబ్బులతో ఉన్న 649 మందిలో 27 మంది. ఆ లెక్కలు చూస్తూండగానే డాల్ తాను కూడా సిగరెట్టు మానేశాడు! మంచాల మీద పడుకుని ఆ మగవాళ్లు ఇచ్చిన జవాబులు ఎందరి ప్రాణాలనో కాపాడాయి.

తరువాత డాక్టర్ల అలవాట్లనే యాభై ఏళ్లు గమనించారు. పొగతాగేవాళ్లకు సగటున పదేళ్ల ఆయుష్షు తగ్గుతుందనీ, అరవయ్యో ఏట మానినా మూడేళ్లు, యాభయ్యో ఏట మానితే ఆరేళ్లు తిరిగి దక్కుతాయనీ 2004లో తేల్చారు. 'ఇంత వయసొచ్చాక ఏం మానతాంలే' అనేవారికి ఇదే జవాబు.

భార్య ఎదుట చెప్పలేకపోతే, బంధువులను కాసేపు బయటకు పంపమని డాక్టరును అడగవచ్చు, తప్పేమీ లేదు. డాక్టర్లు కూడా "అలవాట్లున్నాయా?" అనే బదులు "రోజుకెన్ని? ఎన్నేళ్లనుంచి?" అని నెమ్మదిగా అడిగితే జవాబు సూటిగా వస్తుంది.

మొన్న మా బావగారు పరీక్షకు వెళ్లారు. అక్కయ్య పక్కనే ఉన్నది. ఈసారి డాక్టరు అడగకముందే ఆయనే అన్నారు: "ఇరవై ఏళ్లు తాగానండీ. మానేసి రెండేళ్లయింది. రాసుకోండి."