హాలెండు పట్టణపు పూలపండుగ

అమెరికా సంయుక్త రాష్ట్రములలో మిషిగను అను రాష్ట్రము కలదు. దాని పడమటి యంచున, మిషిగను మహాసరస్సునకు సమీపమున, హాలెండు అను చిన్న పట్టణ మున్నది. ఐరోపాఖండములోని హాలెండు దేశమునుండి వచ్చినవారు దీనిని స్థాపించి, తమ జన్మభూమి పేరునే దీనికిఁ బెట్టుకొనిరి. పూర్వము మచిలీపట్టణమునందును భీమునిపట్టణమునందును వర్తకము చేసిన డచ్చివారు ఆ దేశస్థులే. వారి సమాధులు ఆ రెండు చోటులను నేఁటికిని గానవచ్చును. అయితే ఆ వర్తకులు లాభముకొఱకు వచ్చి, వర్తకము తగ్గిన పిమ్మట వెడలిపోయిరి. మిషిగనునకుఁ జేరినవారు నిలిచిపోవుటకే వచ్చిరి. వారి సంతతివారు ప్రతి సంవత్సరము మే నెలలో జరుపుకొను పూలపండుగను గూర్చి యిచ్చట వివరింపఁదలఁచితిమి.

పండుగను తెలిసికొనుటకు ముందు వలసను తెలిసికొనవలెను. 1834వ సంవత్సరమున హాలెండు దేశములో కొందఱు ప్రభుత్వాదరణగల సంఘమును విడిచి వేరుగా ఆరాధనలు జరుపసాగిరి. అనుమతి లేక కూడుకొన్నందులకు వారికి జరిమానాలు విధింపఁబడెను. బోధకులలోఁ గొందఱు చెఱసాలపాలైరి. పిమ్మట 1845వ సంవత్సరమున ఉర్లగడ్డల పంటకుఁ దెగులు సోఁకి బీదలకుఁ గూడు కఱవయ్యెను. మనస్సాక్షికిఁ గలిగిన బాధయు, కడుపునకుఁ గలిగిన బాధయు కలిసి వారిని సముద్రము దాఁటించెను. ఆల్బర్టస్ వాన్ రాల్టి అను బోధకుని వెంట బయలుదేరినవారు 1847వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో, మంచు కప్పిన యడవిలో, నేఁటి పట్టణస్థలమునకుఁ జేరిరి.

మహారణ్యములోఁ జెట్లు కొట్టి బ్రదుకుట యెఱుఁగనివారు ఆ యడవిని నఱికి యిండ్లు కట్టుకొనవలసివచ్చెను. మొదటి వేసవిలోనే చిత్తడినేలవలన జ్వరములు వ్యాపించి అనేకులు మరణించిరి. ఓడలు పట్టణమునకు వచ్చుటకై సరస్సువఱకు కాలువను తామే త్రవ్వుకొనిరి. 1871వ సంవత్సరము అక్టోబరు నెలలో, చికాగో నగరము తగులఁబడిన దినములందే, ఈ పట్టణములో నధికభాగము కాలి బూడిదయయ్యెను. దానిని వారు మరలఁ గట్టుకొనిరి.

ఇంత చరిత్ర జరిగినను ఆ పట్టణమునకుఁ బూలపండుగ లేకుండెను. అది యొక ఉపాధ్యాయురాలి మాటవలనఁ బుట్టినది. 1927వ సంవత్సరమున ఆ యూరి హైస్కూలులో జీవశాస్త్రము బోధించు లిడా రాజర్సు అను నామె స్త్రీల సాహిత్యసంఘములో మాటలాడుచు, పూర్వుల దేశమునకుఁ బేరు తెచ్చిన ట్యూలిపు పూలను పట్టణమంతటను నాటవలెనని సూచించెను. మా వృత్తిలోని యొక సోదరి చెప్పిన యీ మాటను పురపాలకసంఘమువారు ఆలకించి, 1928లో లక్ష దుంపలను హాలెండు దేశమునుండి తెప్పించిరి. 1929వ సంవత్సరము వసంతమున అవి పూయఁగా మొదటి పండుగ జరిగెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున కొన్నియేండ్లు పండుగ నిలిచి, తరువాత మరల సాగెను.

ట్యూలిపు మొక్క ఉల్లిగడ్డవంటి దుంపనుండి మొలచును. దానిని శీతకాలమునకు ముందే నేలలో నాటవలెను. చలి చాలినంత కాలము తగిలినఁగాని అది చక్కఁగాఁ బూయదు. కావున మే నెలలోఁ బూవు కావలెనన్న వెనుకటి యక్టోబరులోనే పాటుపడవలెను. మఱియొక వింత యేమనఁగా, ఈ పుష్పము హాలెండు దేశమునఁ బుట్టినది కాదు. మధ్య ఆసియా కొండలలోఁ బుట్టి, తురుష్కుల తోఁటలలోఁ బెరిగి, పిమ్మట ఐరోపాకుఁ జేరినది. లైడెన్ నగరపు విద్యాలయ వనములో క్లూసియస్ అను పండితుఁడు నాటిన ట్యూలిపులు 1594లోఁ బూచెను. ఒక జాతివారు తమదని చెప్పుకొను పువ్వే వలస వచ్చినదై యున్నది!

పండుగ దినములలో వీధుల ప్రక్కను వరుసలుగా నెఱ్ఱని, పసుపుపచ్చని, తెల్లని పూలు నిలిచియుండును. మొదట అధికారులు వీధిని పరీక్షించి, "ఇది మురికిగా నున్నది, కడుగుఁడు" అని యాజ్ఞాపింతురు. అంతట పురుషులును, స్త్రీలును, పిల్లలును పాతకాలపు దుస్తులు ధరించి, కావడి బకెట్లతో నీరు తెచ్చి, చీపుళ్లతోను బ్రష్షులతోను వీధిని తోముదురు. బడిపిల్లలు వరుసలు తీర్చి నడతురు. హైస్కూలు విద్యార్థులు దళసరి మేజోళ్లు అనేకములు తొడిగి, వానిపైఁ గొయ్యచెప్పులు వేసికొని, టకటక ధ్వనితో నృత్యము చేయుదురు. 1964లో హాలెండు దేశమునుండి విప్పి తెచ్చి మరల నిలిపిన పాత గాలిమర యొకటి యచ్చట గోధుమలు విసరుచున్నది.

ఇది వట్టి వేషమని కొంద ఱనవచ్చును. నిజమే, నేఁటి హాలెండు నగరములలో జనులు కొయ్యచెప్పులు తొడిగి తిరుగరు. మిషిగనులోని మనుమలు తాతల భాషను చాలవఱకు మఱచిరి. అంతకంటెను పెద్ద లోప మొకటి కలదు. వలసవారు వచ్చునాఁటికి ఆ ప్రదేశము నిర్జనము కాదు. ఒట్టావా జాతివారు అచ్చట నివసించుచుండిరి. క్రొత్తవారితో పొరుగు పొసఁగక, 1849లో వారు తమ బోధకునితోఁగూడ దూరముగా ఉత్తరమునకుఁ దరలిపోయిరి. పూలను మాత్రము జ్ఞాపకముంచుకొని, జ్వరముతో మరణించినవారిని, తరలిపోయినవారిని మఱచినచో ఆ పండుగ సగము జ్ఞాపకమే యగును.

అయినను మా యభిప్రాయమున దానియందు నిజమైన గుణ మొకటి కలదు. నేఁ డా పట్టణములో స్పానిషు భాష మాటలాడు కుటుంబములు అనేకము లున్నవి. ఏ వంశమునఁ బుట్టినను ఆ యూరి విద్యార్థి యగుచో కొయ్యచెప్పులు తొడిగి నృత్యములోఁ జేరవచ్చును. వారసత్వము రక్తమువలననే వచ్చునది కాదు. ఊరితోఁ గలిసి పనిచేసినవానికిని వచ్చును.

ఈ సంగతి మనకును దూరమైనది కాదు. ఆ వలసవారి సంఘములు 1850లో అమెరికాలోని రిఫార్ముడు సంఘముతో నేకమయ్యెను. ఆర్కాటు మిషను ఆ సంఘపుదే. మదనపల్లెలో రోగులకు మందిచ్చి, తెలుఁగు బైబిలు సవరణలోఁ బాటుపడిన యాకోబు చేంబర్లేను దొరగారు ఆ మిషనువారే.

బాలబాలికలారా, మీ తాతలును అవ్వలును ఏ యూరినుండి, ఏ కష్టమువలన వచ్చిరో యీ సెలవులలో వారినే యడిగి వ్రాసికొనుఁడు. వారు వచ్చునప్పటికి ఆ చోట నెవరుండిరో అదియు నడుగుఁడు. లిడా రాజర్సు చేసినదియు ఒక మాట యడుగుటయే. తక్కిన పని ఊరంతయుఁ గలిసి చేసినది.