లేమికి ఇంగ్లీషు మాట

కలిమిలేములు కావడికుండలని మన సామెత. ఆ లేమిని ఇంగ్లీషువారు ‘లాక్’ అను చిన్న మాటతో చెప్పుకొందురు. చిన్నదే అయినను మన విద్యార్థులను తరచు తికమకపెట్టు మాట ఇది.

ఇది నామవాచకముగాను, క్రియగాను కూడ ప్రవర్తించును. నామవాచకమైనప్పుడు లేని వస్తువును చెప్పుటకు ‘ఆఫ్’ చేర్చవలెను: ‘లాక్ ఆఫ్ మనీ’, ‘లాక్ ఆఫ్ స్లీప్’. క్రియయైనచో ఆ ‘ఆఫ్’ పనికిరాదు. ‘హి లాక్స్ కరేజ్’ అనునది ఒప్పు. ‘హి లాక్స్ ఆఫ్ కరేజ్’ అనునది తప్పు. ‘లాకింగ్’ విశేషణమైనప్పుడు ‘ఇన్’ చేరును: ‘హి ఈజ్ లాకింగ్ ఇన్ కరేజ్’.

ఇందలి చిక్కు రెండు భాషల వాక్యనిర్మాణములలోని భేదము. ‘వానికి ధైర్యము లేదు’ అని మనమందుము. ఇందు కర్త ధైర్యము. మనిషి ‘కి’ విభక్తితో పక్కన నిలుచును. ఇంగ్లీషులో మనిషియే కర్త, లేని వస్తువు కర్మ. లేకపోవుట కూడ అచట ఒక క్రియయే!

దీనికి చుట్టములు కొన్ని కలవు. కావలసినంత సరకు దొరకనిచో ‘షార్టేజ్’. అది మన కొరత. శరీరమునకు అవసరమైనది చాలనిచో ‘డెఫిషియన్సీ’, అది లోపము. 1747లో జేమ్స్ లిండ్ అను నౌకావైద్యుడు నారింజ, నిమ్మజాతి పండ్లిచ్చి స్కర్వీ రోగులకు గుణము చూపెను. ఆ లోపము విటమిన్ సి లోపమని తెలిసినది ఇరువదవ శతాబ్దిలోనే. నేడు ‘కోరుట’ అని వాడు ‘వాంట్’ అను మాటకు కూడ మొదటి అర్థము లేకపోవుటయే. లేనిదానినే కదా మనిషి కోరుకొనునది!

కనుక అనువదించువారు లేమి, కొరత, లోటు, లోపము, వెలితి అను మాటలలో సందర్భోచితమైనదానిని ఎన్నుకొనవలెను. నిండవలసినది నిండనప్పుడే వెలితి.

చివరకు ఉపాధ్యాయులకొక మనవి. ప్రగతిపత్రములో ‘లాక్స్ ఇంటెలిజెన్స్’ అని వ్రాయుటకు ముందు ఒక్క క్షణమాగుడు. ఆ వాక్యములో పిల్లవాడే కర్త. లేమి వాని స్వభావమై కూర్చుండును. వానికి లేనిది బుద్ధియా, పుస్తకమా, చదువుకొనుటకింత చోటా? ‘లాక్ ఆఫ్ ప్రాక్టీస్’ అని వ్రాసినచో అది తీర్చదగిన కొరత. వ్యాకరణము సరిగా నున్నంత మాత్రమున వాక్యము న్యాయమైనది కానేరదు.