కెంటకీ కొండల్లో తాత తంబుర

"పాత ఇల్లు విప్పుతున్నం బిడ్డా. తాత తంబుర ఏం జేద్దామంటవ్?"

నాన్న ఫోన్ చేసేసరికి ఇక్కడ సిన్సినాటిలో రాత్రి పది. వనపర్తి దగ్గర మా ఊళ్లో పొద్దున ఏడున్నర. లాప్‌టాప్‌లో ఒక ఎర్రర్‌తో కుస్తీ పడుతున్నాను. పెద్దగా ఆలోచించకుండానే, "ఎవరు వాయిస్తారు నాన్నా దాన్ని? రాములోరి గుళ్లో ఇచ్చేయండి" అన్నాను. నాన్న ఒక్క క్షణం ఆగి, "సరే తియ్" అని పెట్టేశాడు.

ఆ తర్వాతి శుక్రవారం నేను కారు వెనక సీట్లో ఒక డల్సిమర్ పెట్టుకుని తూర్పు కెంటకీ కొండల వైపు బయల్దేరాను. మూడున్నర గంటల డ్రైవ్. తాత తంబుర వద్దన్న మనవడు, ముక్కూమొహం తెలీని వాళ్లతో కూర్చుని అమెరికా జానపద వాయిద్యం వాయించడానికి పోతున్నాడన్నమాట. ఆ సంగతి అప్పుడు నాకే తట్టలేదు.

ఇంతకీ ఏమిటీ డల్సిమర్?

డల్సిమర్ పేరుతో రెండు వాయిద్యాలున్నాయి. ఒకటి హ్యామర్డ్ డల్సిమర్. మన సంతూర్‌కి దూరపు చుట్టం. పెట్టెలా ఉంటుంది, బోలెడన్ని తీగలు, చిన్న కర్ర సుత్తులతో కొడతారు. రెండోది మౌంటెన్ డల్సిమర్. అపలాచియన్ కొండల్లో పుట్టింది. సన్నగా పొడుగ్గా, ఎక్కువగా మధ్యలో నడుము నొక్కినట్టుండే చెక్క పెట్టె. ఒళ్లో అడ్డంగా పెట్టుకుని వాయిస్తారు. తీగలు మూడో, నాలుగో. నా దగ్గరున్నది ఈ రెండో రకం.

రెండేళ్ల క్రితం ఇక్కడి పాత సామాన్ల సంతలో కనిపించింది. అమ్మే ఆయన బొటనవేలితో మూడు తీగల్నీ ఒక్కసారి మీటాడు. నేను అక్కడే ఆగిపోయాను. అది సా, పా, పై సా. సాయంత్రాలు మా ఇంటి అరుగు మీద భజన మొదలయ్యే ముందు తాత సరిచేసుకునే శ్రుతి. ఎనభై డాలర్లిచ్చి తెచ్చుకున్నాను. యూట్యూబ్ చూసి, పక్క అపార్ట్‌మెంట్ వాళ్లకి వినపడకుండా, ఒంటరిగా నేర్చుకున్నాను. ఇంకో మనిషి ముందు ఎప్పుడూ వాయించలేదు.

ఆఫీసులో ఒక సీనియర్ సహోద్యోగి ఈ వారాంతపు సమావేశం గురించి చెప్పింది. ఇలాంటివి అమెరికాలో చాలా చోట్ల జరుగుతాయి. కాన్సాస్‌లోని విన్‌ఫీల్డ్‌లో ప్రతి సెప్టెంబర్‌లో జరిగే వాల్‌నట్ వ్యాలీ ఉత్సవంలో జాతీయ స్థాయి పోటీలే ఉంటాయి. నేను వెళ్లింది అంత పెద్దది కాదు. ఒక చిన్న ఊరు, ఒక హాలు, మడత కుర్చీలు, డెబ్బై మంది దాకా జనం. హాల్లో నల్ల జుట్టు ఉన్నవాణ్ణి దాదాపు నేనొక్కణ్ణే.

నలభై వాయిద్యాలు, ఒక్క 'రి'

శుక్రవారం సాయంత్రం మెడలో పేరు అట్ట తగిలించారు. వెళ్లి వృత్తంలో కూర్చోమన్నారు. దీన్ని 'జామ్' అంటారు. అంటే స్టేజీ లేదు, శ్రోతలు లేరు. వచ్చిన ప్రతివాడూ వాయించేవాడే.

మొదట శ్రుతి చేసుకోవడం. ఇక్కడ చాలామంది పాటించే పద్ధతి డి-ఏ-డి. మందర తీగ 'డి', మధ్య తీగ 'ఏ', పాట పలికించే తీగ పై 'డి'. పాశ్చాత్య స్వరాల్లో 'డి' అంటే 'సి' నుంచి రెండోది, మన లెక్కలో రిషభం అనుకుంటాం. కానీ ఇక్కడ ఆ 'డి'నే షడ్జం. నలభై డల్సిమర్లు ఒకేసారి శ్రుతి వెతుక్కుంటుంటే తేనెపట్టు పక్కన నిలబడ్డట్టుంటుంది. మెల్లగా ఒక్కొక్కటే వచ్చి ఆ షడ్జంలో కలిశాయి. ఒక దశలో హాలంతా ఒకే శబ్దం. చేతుల మీద రోమాలు లేచాయి.

జామ్‌కి రాయని నియమాలుంటాయి. వరసలో ఎవరి వంతు వస్తే వాళ్లు పాట పేరు చెప్పాలి. పాట మూడుసార్లో నాలుగుసార్లో తిరుగుతుంది. ఇదే ఆఖరిసారి అనడానికి ఆ పాట ఎత్తుకున్నవాళ్లు కాలు పైకి లేపుతారు. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. నా వంతు రాగానే కొత్తవాళ్లందరూ మొదట నేర్చుకునే క్యాబేజీ పాట ఎత్తుకున్నాను. నాలుగుసార్లయింది, ఐదయింది, ఏడయింది. అందరూ నా పాదాల వైపే చూస్తున్నారు. నా బూట్లకేమన్నా అంటిందా అనుకుంటున్నాను నేను. కోడ్‌లో ఆగని లూప్ రాయడం మా వృత్తిలో మామూలే గానీ, ముప్ఫై మంది ముసలివాళ్లని అందులో ఇరికించడం అదే మొదటిసారి. చివరికి పక్కనున్న పెద్దావిడ తన కాలితో నా కాలు పైకి తోసింది. పాట ఆగింది. హాలంతా నవ్వు.

మెట్ల లెక్క

శనివారం పొద్దున్నుంచీ క్లాసులు. ఒక గదిలో పాత పద్ధతి. ఎడమ చేతిలో చిన్న కర్రపుల్ల పట్టుకుని పాట తీగ మీద జారుస్తారు. మిగతా తీగలు మీటినప్పుడల్లా శ్రుతిగా మోగుతూనే ఉంటాయి. పూర్వం కుడిచేతిలో పక్షి ఈకతో మీటేవారట. ఇంకో గదిలో కొత్త పద్ధతి, వేళ్లతో మూడు తీగల్నీ నొక్కి గిటార్‌లా వాయించడం.

నాకు బాగా నచ్చింది మెట్ల లెక్క. గిటార్‌కి ప్రతి అర స్వరానికీ ఒక మెట్టు ఉంటుంది. డల్సిమర్‌కి అలా కాదు. ఏడు స్వరాలకే మెట్లు. అందుకే ఏ మెట్టు మీద వేలు పెట్టినా మరీ అపస్వరం రాదు. కొండల్లో సంగీతం చదువుకోని మనుషులు ఇంత తేలిగ్గా ఎలా పట్టుకున్నారో అప్పుడర్థమైంది.

ఎనిమిదో తరగతి వరకు నేను కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. తర్వాత ఎంసెట్ మింగేసింది. ఆ మిగిలిన కాస్త జ్ఞానంతో ఒక కాగితం మీద లెక్క వేశాను. డి-ఏ-డి శ్రుతిలో పాట తీగని ఖాళీగా మొదలుపెట్టి మెట్టు మెట్టూ ఎక్కితే వచ్చేది మన హరికాంభోజి! ఇప్పటి డల్సిమర్లకి ఆరో మెట్టు తర్వాత 'ఆరున్నర' అని ఒక అదనపు మెట్టు వేస్తున్నారు. ఆరుకి బదులు ఆరున్నర నొక్కితే శంకరాభరణం. పాట తీగని కిందికి దించి డి-ఏ-జి చేసి, నాలుగో మెట్టుని షడ్జం చేసుకుంటే ఖరహరప్రియ. డి-ఏ-సి చేసి మొదటి మెట్టుని షడ్జం చేసుకుంటే నటభైరవి. మెట్లు అవే, ఆధారం మారితే రాగం మారుతుంది. మనవాళ్లు గ్రహభేదం అన్నది ఇదేగా!

క్లాసు చెప్పే ఆయనకి ఈ కాగితం చూపించాను. మూడుసార్లు 'హరికాంభోజి' అని పలకడానికి ప్రయత్నించి ఓడిపోయి, కాగితాన్ని మాత్రం ఫొటో తీసుకున్నాడు.

మెట్లు అంటే నాకింకో వాయిద్యం గుర్తొచ్చింది. మా పాలమూరు వైపు పన్నెండు మెట్ల కిన్నెర. వెదురు బొంగు, సొరకాయ బుర్రలు, తీగల కింద మెట్లు. దాన్ని పట్టుకుని ఊరూరా వీరగాథలు పాడిన దర్శనం మొగిలయ్య గారి గొంతు సినిమా పాటలో వినేదాకా, ఆ తర్వాత 2022లో ఆయనకి పద్మశ్రీ వచ్చేదాకా, నా వయసు వాళ్లలో ఎంతమందికి దాని పేరు తెలుసు? ఇంటికి నలభై యాభై మైళ్ల దూరంలో ఉన్న వాయిద్యాన్ని నేను అమెరికా వచ్చాక ఫోన్‌లో చూశాను.

బండి మీద అమ్మిన వాయిద్యం

మధ్యాహ్నం భోజనాల దగ్గర చరిత్ర కబుర్లు. జర్మనీ నుంచి పెన్సిల్వేనియాకి వలస వచ్చినవాళ్లు తెచ్చుకున్న 'షైట్‌హోల్ట్' అనే వాయిద్యం నుంచి డల్సిమర్ పుట్టిందని ఎక్కువమంది చెప్పేమాట. వాళ్లు దక్షిణాన కొండల్లోకి దిగారు. అక్కడ స్కాట్లాండ్, ఐర్లాండ్, ఇంగ్లండ్ నుంచి వచ్చినవాళ్లకి పాటలున్నాయి. జర్మన్ల పెట్టె మీద వీళ్ల పాటలు ఎక్కాయి.

కెంటకీలోని నాట్ కౌంటీలో అంకుల్ ఎడ్ థామస్ అని ఒక వడ్రంగి ఉండేవాడు. 19వ శతాబ్దం చివర్లో డల్సిమర్లు చేయడం మొదలుపెట్టి, బండి మీద వేసుకుని ఊరూరా తిరిగి అమ్మేవాడు. నడుము నొక్కినట్టుండే కెంటకీ డల్సిమర్ ఆకారం ఆయన చేతి మీదుగానే వ్యాపించిందంటారు.

ఆ పక్కనే పెర్రీ కౌంటీలోని వైపర్ అనే పల్లెలో 1922లో జీన్ రిచీ పుట్టింది. పద్నాలుగు మంది పిల్లల్లో ఆఖరిది. తండ్రి తన డల్సిమర్‌ని పిల్లలు ముట్టుకోకూడదని కట్టడి చేస్తే, నాలుగైదేళ్ల వయసులో దొంగచాటుగా వాయించుకునేది. పెద్దయ్యాక న్యూయార్క్ వెళ్లింది. పేదల బస్తీలో పిల్లలతో పనిచేస్తూ, వాళ్లకి ఈ పాటలే పాడి వినిపించింది. నగరంలో జానపద సంగీతం ఊపందుకుంటున్న రోజులవి. జీన్ ఒళ్లో ఉన్న ఆ వాయిద్యం ఏమిటని అందరూ అడగడం మొదలుపెట్టారు. 1963లో డల్సిమర్ మీద ఒక పుస్తకమే రాసింది. 1971లో జోనీ మిచెల్ తన 'బ్లూ' ఆల్బమ్‌లో డల్సిమర్ వాయించింది. 2001లో కెంటకీ దాన్ని తమ రాష్ట్ర వాయిద్యంగా ప్రకటించుకుంది. జీన్ రిచీ 2015లో చనిపోయింది.

తాత తంబురని మమ్మల్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. మేం ఆ మాట బుద్ధిగా విన్నాం. అదే మా తప్పేమో.

పదకొండేళ్లు గోడ మీద

నా కాలు పైకి తోసిన పెద్దావిడే భోజనానికి నా పక్కన కూర్చుంది. వయసు 79. ఆవిడ డల్సిమర్ ముదురు రంగు వాల్‌నట్ చెక్క. హృదయం ఆకారంలో కోసిన రంధ్రాలు. రెండు వైపులా ఒక్కలా లేవు. ఆవిడ భర్త చేశాడట. బొగ్గు గనిలో పనిచేసేవాడు. రిటైరయ్యాక చేసిన మొదటిది, ఆఖరిది కూడా ఇదే.

"ఆయన పోయాక పదకొండేళ్లు గోడకి వేలాడదీశాను. దుమ్ము దులుపుతూ ఉండేదాన్ని. నాకు వాయించడం రాదు కదా" అంది. 2022 జులైలో తూర్పు కెంటకీని వరద ముంచెత్తింది. నాట్ కౌంటీలోని హిండ్‌మన్ ఊళ్లో ట్రబుల్సమ్ క్రీక్ అనే వాగు పొంగి, 1902 నాటి సెటిల్‌మెంట్ స్కూల్లో దాచుకున్న పాత పత్రాలు, ఫొటోలు బురదలో తడిసిపోయాయి. ఈవిడ ఇంట్లోకీ నీళ్లు వచ్చాయి. ఎత్తుగా గోడ మీద ఉండబట్టి డల్సిమర్ మిగిలింది. "మళ్లీ తగిలించడానికి గోడ లేదు. ఒళ్లో పెట్టుకున్నాను. అప్పటి నుంచీ నేర్చుకుంటున్నాను" అంది.

నేను కాఫీ తెస్తానని లేచి బయటికి వెళ్లిపోయాను. తాత పోయినప్పుడు నేను వెళ్లలేదు. వీసా స్టాంపింగ్‌కి స్లాటు దొరక్కపోతే ఇక్కడ ఉద్యోగం పోతుందన్న భయం. వీడియో కాల్‌లో చూశాను. నాన్న ఫోన్‌ని ఇటూ అటూ తిప్పుతుంటే గోడ మీద తంబుర ఒక్క సెకను కనిపించింది. ఆ సంగతి రెండేళ్లుగా ఎవరికీ చెప్పలేదు.

ఆ రాత్రి ఓపెన్ స్టేజి. పేరు రాసుకుంటే ఎవరైనా వాయించొచ్చు. నేను రాసుకున్నాను. తాత రోజూ భజనని ముగించే మంగళహారతి వరస ఎత్తుకున్నాను. మాటలు పాడే ధైర్యం లేక పుల్లతో తీగ మీదే పలికించాను. రెండో చరణంలో తప్పాను. ఒక గమకం దగ్గర పుల్ల జారింది. కానీ కింద రెండు తీగలూ సా-పా అని మోగుతూనే ఉన్నాయి. వరస ఎవరికీ తెలీదు గానీ శ్రుతి అందరిదీ ఒకటే కదా. మూడోసారికి వెనక వరసల్లోంచి మెల్లగా డల్సిమర్లు కలిశాయి. ఈసారి సమయానికి కాలు లేపాను.

గదికొచ్చి నాన్నకి ఫోన్ చేశాను.

"తంబుర గుళ్లో ఇచ్చేసిన్రా నాన్నా?"

"ఇయ్యలే. అటుక మీదకెల్లి దించిన. తీగెలు తెగినయ్, ఒక బిరడ లేదు. గిట్ల ఇస్తే ఏం బాగుంటది అని ఆపిన."

"ఎవరికీ ఇవ్వకండి."

నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నీకు వాయించనీకి రాదు గదా బిడ్డా" అన్నాడు. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగాడు.

తాతతో పాటు చిరతలు వేసిన పెద్దాయన ఒకాయన ఇంకా ఊళ్లో ఉన్నాడు. ఆ భజన గుంపులో మిగిలింది ఆయనొక్కడే. ఆదివారం నాన్న వాళ్లింటికి వెళ్లి ఫోన్ కలిపాడు. ఆయనకి చెవులు సరిగా వినపడవు. డల్సిమర్‌ని ఫోన్‌కి దగ్గరగా పెట్టి మూడు తీగలూ మీటాను. ఒకసారి కాదు, నాలుగుసార్లు.

"మీ తాతది ఇంకొంచెం కిందికుంటుండె" అన్నాడాయన.

మందర తీగ బిరడ పావు చుట్టు వదులు చేసి మళ్లీ మీటాను.

"ఇంకొంచెం" అన్నాడు.