మూడు సెకన్ల గడువు

విశాఖపట్నం నుంచి పదో తరగతి చదివే అమ్మాయి ఒక ఉత్తరం రాసింది. ఐఎన్ఎస్ విక్రాంత్ మీద నుంచి మిగ్-29కె ఎగిరే వీడియో చూసిందట. ఓడ ముందు భాగం పైకి వంగి ఉండటం గమనించింది. ‘ఆ వంపు విమానాన్ని పైకి విసురుతుందని మా అన్నయ్య అంటున్నాడు. విసరడానికి అందులో స్ప్రింగు ఏమీ లేదు కదండీ?’ అని అడిగింది. ఆ ప్రశ్న చదివాక ఈ నెలకి సిద్ధం చేసుకున్న వ్యాసం పక్కన పెట్టేశాను.

ముందు కావలసిన నాలుగు ముక్కలు త్వరగా చెప్పేస్తాను. రెక్కల మీదుగా గాలి వేగంగా పారితే విమానాన్ని పైకెత్తే బలం పుడుతుంది. దాన్నే లిఫ్టు అంటాం. వేగం రెట్టింపయితే లిఫ్టు నాలుగు రెట్లవుతుంది. నేల మీద యుద్ధవిమానానికి కిలోమీటర్ల పొడవున రన్‌వే ఉంటుంది. విక్రాంత్ మొత్తం పొడవే 262 మీటర్లు, అందులో పరుగుకి దొరికేది ఎంత లాగినా సుమారు 200. అమెరికా, ఫ్రాన్స్ నౌకల మీద కాటపుల్టు అనే యంత్రం విమానాన్ని ముందు చక్రం దగ్గర పట్టుకుని డెక్ చివరిదాకా ఈడ్చి వదులుతుంది. విక్రాంత్‌కి కాటపుల్టు లేదు. దానికి బదులు 14 డిగ్రీల వంపు ఉంది. స్కీ జంప్ అంటారు.

ఇక అసలు సంగతి. ఆ అమ్మాయి అనుమానం నిజమే, వంపులో స్ప్రింగు లేదు. స్ప్రింగు మాట అటుంచండి, వంపు ఎక్కేటప్పుడు విమానం వేగం కాస్త తగ్గుతుంది కూడా. ఆరు మీటర్ల ఎత్తు ఎక్కాలంటే, సెకనుకు 55 మీటర్ల వేగంతో పోయే విమానం అందులో సుమారు ఒక మీటరు వేగాన్ని ఆ ఎత్తుకి చెల్లించుకోవాలి. చెల్లించి ఏం కొనుక్కుంటోంది?

లెక్క వేసి చూద్దాం. సులువుగా ఉండాలని రౌండు అంకెలు తీసుకుంటున్నాను. విమానం బరువు 20 టన్నులు. డెక్ మీద పరుగెత్తి అంచు దాటేసరికి దాని వేగం సెకనుకు 55 మీటర్లు. ఓడ గాలికి ఎదురుగా పోతోంది కాబట్టి రెక్కలకి ఇంకో 13 మీటర్లు ఊరికే కలిసొస్తాయి. మొత్తం 68, అంటే గంటకి 245 కిలోమీటర్లు. ఈ వేగంలో రెక్కలు మోయగలిగింది 13 టన్నులు అనుకుందాం. అంటే విమానం ఎగరగలిగే స్థితిలో లేదు. ఏడు టన్నుల లోటుతో అంచు దాటేసింది.

డెక్ చదునుగా ఉంటే ఈ లోటు అక్కడికక్కడే ప్రాణాల మీదికి తెస్తుంది. అంచు దాటిన క్షణం నుంచే విమానం కిందికి దిగడం మొదలవుతుంది. మూడు సెకన్లలో దాదాపు పది మీటర్లు దిగిపోతుంది, ఇంకా దిగుతూనే ఉంటుంది. కింద సముద్రం.

ఇప్పుడు అదే విమానాన్ని 14 డిగ్రీల వంపు మీదుగా పంపుదాం. వేగం దాదాపు అంతే, దిశ మాత్రం మారింది. ఆ 55 మీటర్లలో సెకనుకు 13 మీటర్లకు పైగా నిలువుగా పైకి ఉంది. అదే ఏడు టన్నుల లోటు ఇక్కడా విమానాన్ని కిందికి లాగుతుంది. కానీ ముందు ఆ పైకి పోయే వేగాన్ని తినేయాలి కదా! అది తినే లోపు ఇంజన్లు ఊరుకోవు. ఎంత తక్కువ అనుకున్నా సెకనుకు ఆరు మీటర్ల చొప్పున వేగం పెంచుతూ పోతాయి. మూడు సెకన్లకి 68 కాస్తా 86 అవుతుంది. లిఫ్టు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుందన్నాం కదా, 13 టన్నులు మోసిన రెక్కలే ఇప్పుడు 20 టన్నులకి కాస్త ఎక్కువే మోస్తాయి. లోటు తీరిపోయింది. ఆ సమయానికి విమానం అంచు కంటే 30 మీటర్ల దాకా ఎత్తులో ఉంటుంది, ఇంకా పైకే పోతూ ఉంటుంది.

అంచు దాటేసరికి అది సగం విమానం, సగం విసిరిన రాయి. మూడు సెకన్ల తర్వాత పూర్తి విమానం. వంపు ఇచ్చేది ఎత్తు కాదు, బలం కాదు. అప్పు తీర్చుకోవడానికి ఇంకాస్త గడువు. ఇన్నేళ్లుగా ఈ లెక్క ఎన్నిసార్లు వేసుకున్నానో, ఆఖరి అంకె వచ్చినప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది.

శ్రీశైలం గేట్లు ఎత్తినప్పుడు చూసినవాళ్లకి ఇందులో సగం ముందే తెలుసు. నీళ్లు డ్యామ్ వీపు మీదుగా జారి, అడుగున పైకి వంచిన కాంక్రీటు అంచుని తాకి, మళ్లీ గాలిలోకి లేచి విల్లులా వంగి దూరంగా పడతాయి. ఇంజనీర్లు ఆ అంచుని స్కీ జంప్ బకెట్ అనే పిలుస్తారు. అక్కడా నీటికి కొత్తగా వేగం ఇచ్చేదేమీ లేదు, ఉన్న వేగం దారి మళ్లిందంతే. డ్యామ్ పాదాన్ని కోసేయకుండా నీటిని దూరంగా పడేయడం అక్కడి అవసరం. నీటికి ఇంజను లేదు కాబట్టి పడిపోతుంది. విమానానికి ఉంది కాబట్టి పడదు.

ఇంత తేలిక లెక్క వందేళ్ల కిందటి ఇంటర్మీడియట్ పిల్లవాడికైనా వచ్చి ఉండాలి. కానీ నావికాదళాలకి తట్టడానికి చాలా కాలం పట్టింది. 1944లో బ్రిటిష్ నౌక ఫ్యూరియస్ డెక్ చివర ఒక చిన్న వాలు కట్టి బరువైన బారకుడా బాంబర్లని ఎగరేశారు. పని జరిగింది, యుద్ధం ముగిసింది, సంగతి మరుగున పడింది. ఆవిరి కాటపుల్టు వచ్చాక ఇక వంపు గురించి ఎవరు ఆలోచిస్తారు?

ఆలోచించినవాడు రాయల్ నేవీ ఇంజనీరు లెఫ్టినెంట్ కమాండర్ డగ్లస్ టేలర్. 1970ల తొలినాళ్లలో సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో ఈ విషయం మీదే థీసిస్ రాశాడు. అప్పటికి బ్రిటన్ పెద్ద విమానవాహక నౌకలు కట్టే ఆలోచన మానుకుంది. ముందు ముందు చేతిలో మిగలబోయేది హారియర్ ఒక్కటే. అది ఇంజన్ గాలిని కిందికి మళ్లించి నిలువుగా లేవగలదు. నిలువుగా లేవగల విమానానికి మళ్లీ వాలు ఎందుకని అడిగినవాళ్లు ఉన్నారు. ఆ ప్రశ్నలోనే తప్పుంది. నిలువుగా లేస్తే మొత్తం బరువు ఇంజనే మోయాలి. అప్పుడు బాంబులూ ఇంధనమూ తగ్గించుకోక తప్పదు. వంపు మీదుగా పరుగెత్తి లేస్తే రెక్కలు కూడా సాయం పడతాయి. 1977 ఆగస్టులో బెడ్‌ఫర్డ్‌లో నేల మీద కట్టిన వంపు నుంచి హారియర్ మొదటిసారి ఎగిరింది. మరుసటి ఏడాది ఫార్న్‌బరో ప్రదర్శనలో, సైన్యం వాగులు దాటడానికి వాడే గర్డర్ వంతెన ముక్కలతోనే వంపు కట్టి చూపించారు. కదిలే భాగం ఒక్కటి కూడా లేని యంత్రం అది!

కదిలే భాగాలున్న యంత్రాల కష్టం కాటపుల్టుతో నడిచిన మన పాత విక్రాంత్‌కి తెలుసు. 1971 యుద్ధం నాటికి దాని నాలుగు బాయిలర్లలో ఒకటి పగుళ్లిచ్చి ఉంది. బాయిలర్ తగ్గితే ఓడ వేగం తగ్గుతుంది, డెక్ మీద ఎదురుగాలి తగ్గుతుంది, విమానం లేస్తుందో లేదో చెప్పలేం. అయినా దాని సీహాక్‌లు కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీద దాడి చేశాయి. 1982 మే నెలలో అర్జెంటీనాకి అంత అదృష్టం లేకపోయింది. వాళ్ల నౌక వెయింటిసింకో డి మాయో మీద కాటపుల్టు ఉంది, బాంబులు తగిలించిన స్కైహాక్‌లు ఉన్నాయి, బ్రిటిష్ నౌకలు అందే దూరంలో ఉన్నాయి. గాలి లేదు. ఆ ఫాక్‌లాండ్స్ యుద్ధంలోనే హెర్మెస్, ఇన్విన్సిబుల్ నౌకల వంపుల మీద నుంచి హారియర్లు రోజూ ఎగురుతూ వచ్చాయి. ఆ హెర్మెసే తర్వాత 1987లో మన విరాట్ అయింది.

అప్పటికీ ఈ వంపు హారియర్లకే పనికొస్తుందని చాలామంది నమ్మకం. దాన్ని వమ్ము చేసినవాళ్లు సోవియట్ ఇంజనీర్లు. క్రిమియాలో సాకీ దగ్గర నేల మీద వంపు కట్టి, ఇంజన్ గాలిని మళ్లించడం రాని మామూలు మిగ్‌లని, సుఖోయ్‌లని దాని మీదుగా పంపారు. 1989 నవంబరు 1న తోక్తార్ ఔబాకిరోవ్ మిగ్-29కెని ఓడ మీద నుంచే ఎగరేశాడు. అలా ఎగరడానికి కావలసిందల్లా బరువుకి దీటుగా తోసే ఇంజన్లు. డెక్‌లోంచి లేచిన దిమ్మెలు చక్రాలకి అడ్డుపడి నిలబెడతాయి. ఇంజన్లు పూర్తి జోరు అందుకుంటాయి. దిమ్మెలు కిందికి దిగిపోతాయి. విమానం బయల్దేరుతుంది. ఇవాళ విక్రాంత్ మీద జరిగేది కూడా ఇదే.

మన తేజస్ నౌకాదళ నమూనా ఈ పరీక్షని మొదట గోవాలో ఐఎన్ఎస్ హంస దగ్గర నేల మీద కట్టిన వంపు మీద పాసయింది. 2014 డిసెంబరు 20న కమొడోర్ జైదీప్ మావ్లంకర్ దాన్ని ఎగరేశారు. ఐదేళ్ల తర్వాత, 2020 జనవరిలో, విక్రమాదిత్య నౌక మీద దిగిందీ, మర్నాడు అక్కడి నుంచి ఎగిరిందీ ఆయనే. మనవాళ్లు గీసిన విమానం ఆ గడువులో తన లోటు తీర్చుకుని సముద్రం మీద పైకి పోయిందంటే, ఆ వార్త నాకు ఏ పండగకీ తీసిపోదు.

పరిమితుల మాట అడిగితే మాత్రం మనసు కాస్త చివుక్కుమంటుంది. ఇంజన్ బలం తక్కువున్న విమానాన్ని వంపు ఆదుకోలేదు. నెత్తిన రాడార్ మోసుకుంటూ తీరిగ్గా తిరిగే అమెరికా హాక్‌ఐ లాంటి ప్రొపెల్లర్ విమానానికి కాటపుల్టే కావాలి, అందుకే మన నౌకల మీద ఆ పని కామోవ్ హెలికాప్టర్లు చేస్తున్నాయి. యుద్ధవిమానాలు కూడా నేల మీద లేచేంత బరువుతో లేవలేవు. 2025 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరిన రఫేల్-ఎం విమానాలకీ ఈ పరిమితి తప్పదు. ఇంకో బాధ కూడా ఉంది. విరాట్‌ని విశాఖ తీసుకొచ్చి మ్యూజియం చేస్తామని 2016లో మాటలు నడిచాయి. బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి ఉంది, టీయూ-142 విమానం ఉంది. విరాట్ మాత్రం 2020లో తుక్కు కావడానికి అలంగ్ తీరం చేరింది. వచ్చి ఉంటే ఈ ఉత్తరం రాసిన అమ్మాయి ఆ వంపు మీద తనే నడిచి చూసి ఉండేది.

ప్రస్తుతానికి వీడియో ఉంది. అన్నయ్యని పక్కన కూర్చోబెట్టుకుని, వేగం బాగా తగ్గించి మళ్లీ చూడాలి. చూడాల్సింది మంట కక్కే ఇంజన్లని కాదు, ముందు చక్రం కాలుని. వంపు మొదలయ్యే చోట విమానాన్ని పైకి మళ్లించే భారమంతా ముందు దాని మీదే పడుతుంది. కాలు కుదించుకుపోతుంది. అంచు దాటగానే ఒక్కసారిగా చాచుకుని చక్రం గాలిలో వేలాడుతుంది. సరిగ్గా అక్కడ వీడియోని మామూలు వేగానికి మార్చి, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాలి.